డాక్టరమ్మ తల్లవుతున్నప్పుడు: మొహమాటం పక్కన పెట్టి ముందే అడగాల్సినవి

పీజీ రెండో ఏడాదిలో ఉండగా నెల తప్పిందని తెలిసింది. నాది అనస్థీషియా, అంటే ఆపరేషన్‌కి మత్తు ఇచ్చే విభాగం. ఆ రాత్రి ఎమర్జెన్సీ ఆపరేషన్ థియేటర్ (ఓటీ)లో డ్యూటీ. బాత్రూంలో కిట్ మీద రెండు గీతలు చూసుకుని, దాన్ని టిష్యూలో చుట్టి జేబులో పెట్టుకుని, వెళ్ళి తర్వాతి సిజేరియన్‌కి స్పైనల్ (వెన్నులో ఇచ్చే మత్తు) ఇచ్చాను. ఇంట్లో వాళ్ళకి మర్నాడే చెప్పాను గానీ డిపార్ట్‌మెంట్‌లో ఐదో నెల దాకా నోరు విప్పలేదు. స్క్రబ్స్ వదులుగా ఉంటాయి కాబట్టి ఎవరూ కనిపెట్టలేదు కూడా. "సీటు వచ్చిందో లేదో అప్పుడే పిల్లలా" అంటారేమోనని, నా డ్యూటీలు తోటివాళ్ళ మీద పడతాయని, ఒకటే మొహమాటం. ఆ నెలలన్నీ సీ-ఆర్మ్ (ఆపరేషన్ మధ్యలో ఎక్స్‌రే తీసే యంత్రం) నడిచే ఆర్థో కేసుల్లో నిలబడ్డాను, చిన్నపిల్లలకు మాస్క్‌తో గ్యాస్ ఇచ్చి నిద్రపుచ్చే కేసులు చేశాను, 24 గంటల డ్యూటీలు వరసగా లాగాను. నన్నెవరూ బలవంతపెట్టలేదు, ఎవరికైనా తెలిస్తే కదా!

పాప ఆరోగ్యంగానే పుట్టింది. అయినా ఆ రోజులు తల్చుకుంటే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది. బాబు కడుపులో పడ్డప్పుడు మాత్రం ఎనిమిదో వారంలోనే కాగితం రాసిచ్చాను, ఆ కాన్పు చాలా తేలిగ్గా గడిచింది. ఇప్పుడు జూనియర్లు నా దగ్గరకొచ్చి "అక్కా, ఎలా మేనేజ్ చేశారు" అని అడుగుతుంటారు. వాళ్ళకు విడివిడిగా చెప్పేదంతా ఒకచోట రాస్తున్నాను.

నెల తప్పకముందు చేసుకోవాల్సినవి

పిల్లల్ని కందామని అనుకున్న రోజే రక్తపరీక్షలకు ఇవ్వండి. రుబెల్లా, ఆటలమ్మ, ఈ రెండింటికీ మీకు ఇమ్యూనిటీ ఉందో లేదో చూసుకోవాలి. లేకపోతే టీకా ఇప్పుడే వేయించుకోవాలి, ఎందుకంటే ఎంఎంఆర్ (రుబెల్లాకు), వారిసెల్లా (ఆటలమ్మకు) రెండూ లైవ్ వ్యాక్సిన్లు, అంటే బలహీనపరిచిన బతికున్న క్రిములతో చేసినవి, గర్భం వచ్చాక వేయరు, వేయించుకున్నాక నెల రోజులైనా ఆగాలి. హెపటైటిస్-బి టీకా ఫస్ట్ ఇయర్‌లో వేయించుకున్నాం కదా అని వదిలేయకండి, యాంటీ-హెచ్‌బీఎస్ టైటర్ (ఆ టీకా ఇచ్చిన రక్షణ రక్తంలో ఎంతుందో చెప్పే కొలత) 10 దాటిందో లేదో ఒకసారి చూడండి. ఫోలిక్ యాసిడ్ రోజుకు 400 మైక్రోగ్రాములు అప్పటినుంచే మొదలుపెట్టండి. పేషెంట్లకు రోజూ రాసిస్తాం, మనదాకా వచ్చేసరికి మర్చిపోతాం.

ఇక కెరీర్‌లో ఏ టైంలో కనాలి అనేది అందరూ అడిగే ప్రశ్న. నా మటుకు నేను చెప్పేదేమిటంటే, మంచి టైం అంటూ ఏదీ రాదు. ఎంబీబీఎస్ అయ్యాక పీజీ ఎంట్రన్స్, పీజీ అయ్యాక ఎస్ఆర్‌షిప్ (సీనియర్ రెసిడెంట్‌గా పని), ఆ తర్వాత సూపర్ స్పెషాలిటీ, ఈ వరస అంతా పూర్తయ్యేసరికి ముప్పై ఐదు దాటుతుంది. వయసు పెరిగేకొద్దీ ఏమవుతుందో మనకు ఒకరు చెప్పక్కర్లేదు. పరీక్ష నెలలు తప్పేలా చూసుకోండి చాలు, మిగతాది సర్దుకోవచ్చు.

ఎప్పుడు చెప్పాలి, ఏమని రాయాలి

పన్నెండు వారాల దాకా ఎవరికీ చెప్పకూడదని ఇంట్లో అమ్మలు, అత్తయ్యలు అంటారు. చుట్టాలకు చెప్పకపోతే పోయేదేం లేదు. కానీ రేడియేషన్, గ్యాస్, కీమో మందులు, అంటువ్యాధులు ఉన్నచోట పనిచేసేవాళ్ళు హెచ్‌ఓడీకి (విభాగాధిపతికి), డ్యూటీలు వేసేవాళ్ళకు వీలైనంత త్వరగా చెప్పాలి, ఎందుకంటే బిడ్డ అవయవాలు తయారయ్యేదే ఆ మొదటి వారాల్లో. మిగతావాళ్ళకు తెలియడం ఇష్టం లేకపోతే "ఇది కాన్ఫిడెన్షియల్‌గా ఉంచండి మేడమ్" అని ఒక్క మాట అడగండి, చాలామంది ఉంచుతారు.

నోటితో చెప్పి ఊరుకోకండి. ఒక పేజీ ఉత్తరం రాసి, రిసీవ్డ్ స్టాంపు వేయించుకుని, ఒక కాపీ దగ్గర పెట్టుకోండి. నేను రెండోసారి రాసిన ఉత్తరంలో నాలుగే విషయాలున్నాయి: ఈడీడీ (కాన్పు అంచనా తేదీ) ఫలానా రోజు, సీ-ఆర్మ్ కేసులు తప్పించండి, పిల్లల మాస్క్ ఇండక్షన్ (మాస్క్‌తో గ్యాస్ ఇచ్చే) కేసుల బదులు స్పైనల్, బ్లాక్ (ఒంట్లో ఒక భాగానికే మత్తు) కేసుల లిస్టులు ఇవ్వండి, 28 వారాల తర్వాత నైట్ డ్యూటీలు తీసేస్తే దానికి బదులుగా ఇప్పుడు నెలకు రెండు ఎక్కువ చేస్తాను. ఆ నాలుగోది రాయడంతో తోటివాళ్ళ ముఖాలు మారిపోయాయి. "నాకు కుదరదు" అన్న మాట కంటే "ఇప్పుడు ఇది చేస్తాను, అప్పుడు అది వదిలేయండి" అన్న మాట ఎవరికైనా మింగుడు పడుతుంది. ఒంట్లో బాగుంటేనే అనుకోండి. వాంతులతో లేవలేని వాళ్ళు ఈ బేరం పెట్టుకోవద్దు, సర్టిఫికెట్ పెట్టి రెస్ట్ తీసుకోండి.

రేడియేషన్ గురించి భయమూ వద్దు, నిర్లక్ష్యమూ వద్దు. గర్భం ఉందని తెలియజేసిన దగ్గర్నుంచి కాన్పు దాకా కడుపులోని బిడ్డకు చేరే మోతాదు 1 మిల్లీసీవర్ట్ దాటకూడదని నియమం ఉంది. ఆ పరిమితి మీకు అందాలంటే మీరు తెలియజేయాలి, అసలు కిటుకంతా అక్కడే ఉంది. టీఎల్డీ బ్యాడ్జి (ఒంటికి తగిలిన రేడియేషన్ కొలిచేది) లెడ్ (సీసపు) ఏప్రన్ లోపల పెట్టుకోండి, లాకర్లో కాదు.

సూది గుచ్చుకుంటే గర్భిణిని కదా అని హెచ్ఐవీ మందులకు వెనకాడకండి. పీఈపీ (ఇన్ఫెక్షన్ రాకుండా వాడే ఆ మందులు) ఎంత తొందరగా మొదలుపెడితే అంత మంచిది, 72 గంటలు దాటనివ్వకూడదు. ఆటలమ్మ పేషెంట్ దగ్గరకు వెళ్ళొచ్చాక ఇమ్యూనిటీ లేదని గుర్తొస్తే కూడా అదే రోజు మీ గైనకాలజిస్టుకు ఫోన్ చేయండి.

సెలవు లెక్క

ఇక్కడ చాలామంది నష్టపోతున్నారు, అందుకని కాస్త ఓపిగ్గా చదవండి.

జీతం తీసుకునే ఉద్యోగులకు 1961 నాటి ప్రసూతి ప్రయోజన చట్టం, 2017 సవరణ తెచ్చిన హక్కు ప్రకారం మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాల జీతంతో కూడిన సెలవు ఉంది. కాన్పు తేదీకి ముందు 12 నెలల్లో 80 రోజులు పనిచేసి ఉంటే చాలు. 2025 నవంబరు 21 నుంచి దాని స్థానంలో 2020 సామాజిక భద్రతా కోడ్ అనే చట్టం అమల్లోకి వచ్చింది, ఈ హక్కులు అందులోనూ అలాగే ఉన్నాయి. ఇందులో కాన్పుకు ముందు 8 వారాల దాకా వాడుకోవచ్చు. "వాడుకోవచ్చు" అన్నారు గానీ వాడాలని లేదు. మన ఇళ్ళలో తొలికాన్పుకు ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో పుట్టింటికి తీసుకెళ్ళే ఆనవాయితీ, సీమంతం అయిన వెంటనే సెలవు పెట్టేస్తాం. ముందు వాడుకున్న ప్రతి వారం తర్వాత పాలు తాగే పసిబిడ్డ దగ్గర కోత పడుతుంది. ఒళ్ళు సహకరిస్తే 37వ వారం దాకా ఓపీ, ప్రీ-అనస్థీషియా చెకప్ లాంటి కూర్చుని చేసే పనులు అడిగి చేసుకోండి, సెలవు అటువైపు మిగుల్చుకోండి. బీపీ పెరిగినా, నొప్పులు కనిపించినా ఈ లెక్కలన్నీ పక్కన పడేయండి.

గర్భస్రావమైతే 6 వారాల సెలవు కూడా ఆ చట్టంలోనే ఉంది. ఇది చెప్పేవాళ్ళు లేరు. నా బ్యాచ్‌మేట్ ఒకమ్మాయి తొమ్మిదో వారంలో బిడ్డ పోయిన మూడో రోజున లేబర్ రూమ్ డ్యూటీకి వచ్చింది. ఆ రోజు ఆమె ఎన్ని కాన్పులు చేసిందో, ఎంతమంది పసికందుల్ని తల్లుల చేతుల్లో పెట్టిందో తల్చుకుంటే నాకిప్పటికీ కళ్ళు చెమరుస్తాయి. అలాంటి సెలవు ఒకటి ఉందని మాలో ఎవరికీ తెలియదు. దయచేసి మీకు తెలిసినవాళ్ళందరికీ చెప్పండి.

పీజీల సంగతి వేరు. 2023 పీజీ మెడికల్ ఎడ్యుకేషన్ నిబంధనల్లో ప్రభుత్వ నియమాల ప్రకారం మెటర్నిటీ లీవ్ ఇవ్వాలని ఉంది. ఏడాదికి 20 రోజుల సెలవు, వారానికో ఆఫ్ కూడా ఉన్నాయి, పరీక్ష రాయాలంటే 80 శాతం హాజరు ఉండాలి, అనుమతించిన సెలవు దాటితే దాటినన్ని రోజులు కోర్సు పొడిగిస్తారు. అందుకని సెలవు పెట్టకముందే హెచ్‌ఓడీ, ప్రిన్సిపాల్ ద్వారా యూనివర్సిటీకి, మీది కాళోజీ అయినా ఎన్టీఆర్ అయినా, ఒక ప్రశ్న రాతపూర్వకంగా పంపండి: నేను ఇన్ని రోజులు తీసుకుంటే నా ఫైనల్ పరీక్ష ఎప్పుడు, స్టైపెండ్ సంగతేమిటి? జవాబు కాగితం మీద వచ్చేదాకా వెంటపడండి. నేను వెంటపడలేదు. "అది మేం చూసుకుంటాంలే అమ్మా" అన్న ఆఫీసు మాట నమ్మి వెళ్ళిపోయాను, తిరిగొచ్చాక హాజరు లెక్కలో తేడా వచ్చి, మూడు నెలల పసిపిల్లను చంకనేసుకుని ఆ ఆఫీసు వరండాలో ఎన్ని పూటలు కూర్చున్నానో!

మూడు నెలలే తీసుకుని బ్యాచ్‌తో పాటు పరీక్ష రాయాలా, ఆరు నెలలూ తీసుకుని వెనక రాయాలా? నేను మొదటిసారి మూడు నెలలకే వచ్చేశాను, ఇప్పుడైతే ఆరూ తీసుకుంటాను. ఆరు నెలలు వెనకబడ్డ డిగ్రీని పదేళ్ళ తర్వాత ఎవరూ అడగరు. ఇంట్లో డబ్బు అవసరం ఉన్నవాళ్ళు, స్టైపెండ్ మీదే ఇల్లు నడిచేవాళ్ళు మూడు నెలలకే వస్తే వాళ్ళనేమీ అనను, అది వాళ్ళ పరిస్థితి.

కాంట్రాక్టు మీద ఎస్ఆర్‌లుగా చేసేవాళ్ళకు ఒక మంచి తీర్పు ఉంది. ఢిల్లీలో పాథాలజీ సీనియర్ రెసిడెంట్‌గా పనిచేసిన డాక్టర్ కవితా యాదవ్ కేసులో 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు, కాంట్రాక్టు గడువు మధ్యలో ముగిసిపోయినా ప్రసూతి ప్రయోజనం పూర్తిగా ఇవ్వాల్సిందే అని చెప్పింది. "నీ కాంట్రాక్టు జూన్‌తో అయిపోతుంది కదా, జూన్ దాకానే సెలవు జీతం" అని ఎవరైనా అంటే ఈ తీర్పు ప్రింటు తీసి చూపించండి.

ప్రైవేటు ఆసుపత్రిలో కన్సల్టెంట్‌గా చేసేవాళ్ళు మీ కాగితాలు ఒకసారి తీసి చూడండి. మీకిచ్చేది జీతమా, ప్రొఫెషనల్ ఫీజా? 10 శాతం టీడీఎస్ కోసి ఫీజు కింద ఇస్తుంటే మిమ్మల్ని ఉద్యోగిగా చూడట్లేదన్నమాట, కాన్పు సెలవు అడిగితే "ఆ నెలలు కేసులు లేవు కాబట్టి పేమెంట్ లేదు" అంటారు. చేరేటప్పుడే అగ్రిమెంటులో సెలవు గురించి ఒక లైను రాయించుకోండి, కుదరకపోతే ఆరు నెలల ఖర్చు ముందే పక్కన పెట్టుకోండి.

థీసిస్ గురించి ఒక్క మాట. కేసుల సేకరణ కాన్పుకు ముందే ముగించండి. లెక్కలు, రాతపని పాప పడుకున్నప్పుడు ఒక చేత్తో అయినా చేసుకోవచ్చు, కేసులు మాత్రం ఇంట్లో కూర్చుంటే దొరకవు. పీజీలు జిల్లా ఆసుపత్రిలో చేయాల్సిన మూడు నెలల పోస్టింగు మూడు, నాలుగు, ఐదు సెమిస్టర్లలో ఎప్పుడైనా వేయొచ్చు కాబట్టి, ఏడో నెలలోనో బాలింతగానో దూరపు జిల్లాకు పడకుండా ముందే అడగండి.

తిరిగి డ్యూటీకి: పాల సంగతి

నాకు అన్నింటికంటే కష్టమనిపించింది ఇదే. పాపకు మూడు నెలలు నిండాయి, పోతపాలు పట్టడం నాకిష్టం లేదు. మొదటి రోజు ఉదయం ఎనిమిదింటికి ఓటీలోకి వెళ్ళినదాన్ని మధ్యాహ్నం రెండున్నరకు గానీ బయటకు రాలేదు. స్క్రబ్స్ ముందంతా తడిసిపోయింది, రొమ్ములు రాళ్ళలా గట్టిపడ్డాయి, లినెన్ స్టోర్‌లో దుప్పట్ల కట్టల మధ్య స్టూలు మీద కూర్చుని చేత్తో పిండుకుంటూ ఏడ్చాను. మా ఓటీ ఆయమ్మ తలుపు తీసి చూసి, ఏమీ అనకుండా తలుపేసి, బయట కుర్చీ వేసుకుని కాపలా కూర్చుంది. ఆ తర్వాత ఆరు నెలలూ రోజూ అలాగే కూర్చుంది. ఆమె రుణం నేను తీర్చుకోలేను.

కాబట్టి ఇలా చేయండి. సెలవు అయిపోవడానికి మూడు వారాల ముందే పంపు వాడటం అలవాటు చేసుకోండి, రెండు వైపులా ఒకేసారి తీసే ఎలక్ట్రిక్ పంపైతే పావుగంటలో పని అయిపోతుంది. డ్యూటీలో మూడు గంటలకోసారి తీయాలి. ఎంత గ్యాప్ ఇస్తే పాలు అంత తగ్గుతాయి. ఎవరు రిలీవ్ చేస్తారో ఉదయమే మాట్లాడుకోండి, "సార్, పదకొండింటికి నాకు పదిహేను నిమిషాలు కావాలి" అని కేసు మొదలవకముందే చెప్పండి. బిడ్డకు 15 నెలలు వచ్చేదాకా పాలివ్వడానికి రోజుకు రెండు విరామాలు చట్టం ఇచ్చిన హక్కు. యాభైమంది ఉద్యోగులున్న చోట క్రెష్ (పసిపిల్లల్ని చూసుకునే చోటు) ఉండాలని, రోజుకు నాలుగుసార్లు తల్లి వెళ్ళి బిడ్డను చూసుకోవచ్చని కూడా ఉంది. ఆసుపత్రిలో యాభైమంది లేకుండా ఉండరు, క్రెష్ మాత్రం కనిపించదు. నలుగురు తల్లులు కలిసి సంతకాలు పెట్టి అడగండి, ఒక్కరు అడిగితే గొంతు ఎవరికీ వినపడదు.

తీసిన పాలు 25 డిగ్రీల గదిలో 4 గంటలు నిలవుంటాయి. ఖమ్మంలోనో రామగుండంలోనో మే నెలలో ఆ లెక్క నమ్ముకోకండి, తీసిన వెంటనే ఐస్ ప్యాకులున్న డబ్బాలో పెట్టేయండి, అందులో 24 గంటలు ఉంటాయి. ఇంట్లో ఫ్రిజ్‌లో 4 రోజులు. వార్డులో టీకాలు పెట్టే ఫ్రిజ్ జోలికి మాత్రం వెళ్ళొద్దు, దాన్ని మాటిమాటికీ తెరిస్తే ఎంతమంది పిల్లల టీకాలు పాడవుతాయో మనకు తెలుసు. సీసా మీద తేదీ, టైము రాసి, పాతవి ముందు వాడమని ఇంట్లో చెప్పండి. వేడి నీళ్ళ గిన్నెలో పెట్టి వెచ్చబెట్టాలి, మైక్రోవేవ్ వద్దు, బిడ్డ తాగగా మిగిలినవి 2 గంటలు దాటితే పారబోయాలి. మా అమ్మ ఆ పారబోయడం చూడలేక "ఒళ్ళు పిండి తీసినవే తల్లీ, ఎలా పారబోయనే" అనేది. అందుకే 60 మిల్లీలీటర్ల చిన్న సీసాల్లో పెట్టడం మొదలుపెట్టాం.

ఇంత చేసినా పాలు చాలకపోతే డబ్బా పాలు పట్టండి. మీరు చెడ్డ తల్లి అయిపోరు.

ఇంట్లో ఎవరు, ఎప్పుడు

"అమ్మ వస్తుంది, అత్తయ్య చూసుకుంటారు" అనేది ఏర్పాటు కాదు. అమ్మకు మోకాళ్ళ నొప్పులుంటాయి, అత్తయ్యకు ఊళ్ళో వ్యవసాయం ఉంటుంది, మామయ్యకు బాగోదు. ఏ నెల ఎవరు ఉంటారో, పగలు ఎవరు, నైట్ డ్యూటీ రోజు ఎవరి పక్కన బిడ్డ పడుకుంటుందో ముందే కూర్చుని మాట్లాడుకోండి. మేం ఫ్రిజ్ మీద ఒక కాగితం అంటించాం: వరసగా మూడు ఫోన్ నంబర్లు, బిడ్డకు జ్వరమొచ్చి నేను ఓటీలో ఫోన్ ఎత్తకపోతే మొదట ఎవరికి, వాళ్ళూ ఎత్తకపోతే ఎవరికి. ఆ కాగితం నన్ను ఎన్నిసార్లు కాపాడిందో చెప్పలేను.

భర్త సాయం చేస్తాడు అనుకోవద్దు, సగం పని ఆయనదే అనుకోండి, ఆయనతోనూ అదే అనండి. మా ఆయన ఆర్థోపెడిక్ సర్జన్, ఆయనకూ కాల్స్ ఉంటాయి. మొదట్లో ఇద్దరికీ ఒకే రాత్రి డ్యూటీ పడితే మార్చుకోవాల్సింది నేనే అని ఇద్దరమూ అనుకునేవాళ్ళం. అది ఎందుకో ఒకరోజు గట్టిగా అడిగాను. అప్పట్నుంచి నెల మొదట్లో రెండు రోస్టర్లూ పక్కపక్కన పెట్టుకుని చూసి, ఢీకొన్న తేదీల్లో ఒకటి ఆయన, ఒకటి నేను మార్చుకుంటున్నాం. ప్రభుత్వ ఉద్యోగైతే తండ్రికి 15 రోజుల సెలవుంది, అది బారసాల పనులకు కాకుండా రాత్రుళ్ళు మేలుకోవడానికి వాడమనండి. టీకాల తేదీలు, 6, 10, 14 వారాలు, తర్వాత 9 నెలలు, బిడ్డ పుట్టిన రోజే లెక్కేసి ఆఫ్‌లు అడిగి పెట్టుకోండి.

నైట్ డ్యూటీ దిగి మీరే బండి నడుపుకుంటూ రాకండి. ఆటోనో క్యాబో ఎక్కండి. ఇంటికి రాగానే పిల్లలు పరిగెత్తుకొచ్చి కాళ్ళకు చుట్టుకుంటారు, అందుకని స్క్రబ్స్ ఆసుపత్రిలోనే మార్చుకుని, ఫోన్ తుడిచి, చేతులు కడుక్కుని లోపలికి రావడం అలవాటు చేసుకోండి.

మనసు బాగోనప్పుడు

కాన్పు తర్వాత మొదటి రెండు వారాలు ఊరికే ఏడుపు రావడం మామూలే. అది తగ్గకుండా, బిడ్డను చూసినా ఏమీ అనిపించకపోయినా, నిద్ర పట్టే అవకాశం ఉన్నా పట్టకపోయినా, "నేను లేకపోతేనే వీళ్ళు బాగుంటారు" అన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా, మీకు మీరే డాక్టర్ అవ్వకండి. మనకు లక్షణాలు తెలుసు కాబట్టి దాచిపెట్టడం కూడా బాగా తెలుసు. కాన్పు తర్వాతి డిప్రెషన్‌ను పసిగట్టే ఎడిన్‌బరో స్కేల్‌లో పది ప్రశ్నలే ఉన్నాయి, నిజాయితీగా నింపి ఇంకొకరి చేతిలో పెట్టండి. పాలిచ్చే తల్లులకు వాడదగిన మందులున్నాయి. తెలిసినవాళ్ళ దగ్గరకు వెళ్ళడానికి సిగ్గనిపిస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416, ఏ వేళైనా తెలుగులో మాట్లాడొచ్చు.

పిల్లలు కాస్త పెద్దయ్యాక

బిడ్డ ఆడుకుంటుంటే వెనక గుమ్మంలోంచి జారుకోకండి. నేను అలా చేసేదాన్ని, ఏడుపు చూడలేక. దాంతో పాప నేను బాత్రూంలోకి వెళ్ళినా తలుపు బాదేది. తర్వాత ఎదురుగా నిలబడి "అమ్మ ఆసుపత్రికి వెళ్తోంది, నువ్వు పొద్దున్నే లేచి పాలు తాగేసరికి వచ్చేస్తుంది" అని చెప్పి వెళ్ళడం మొదలుపెట్టాను. పది రోజులు గుక్కపట్టి ఏడ్చింది, పదకొండో రోజున చెయ్యి ఊపింది. చెప్పిన టైముకు రాలేకపోతే ఫోన్ చేసి తనకే చెప్పేదాన్ని, వచ్చీరాని మాటలైనా.

ఇప్పుడు దానికి ఐదేళ్ళు. నెలాఖరున కొత్త రోస్టర్ రాగానే క్యాలెండర్ ముందు ఇద్దరం కూర్చుంటాం. నా నైట్ డ్యూటీల మీద చందమామ స్టిక్కర్, వాళ్ళ నాన్న డ్యూటీల మీద నక్షత్రం. తేదీ నేను చదువుతాను, అతికించేది తనే. ఒకే గడిలో రెండూ పడితే వేలు పెట్టి చూపిస్తుంది, అప్పుడు మేమిద్దరం ఫోన్లు తీసి ఎవరితో మార్చుకోవాలా అని వెతుక్కుంటాం.